తంబుచెట్టి వీధి ప్రెస్: లాయర్ ఆఫీసుకి కార్డులు, బోర్డులు కావాలంటే ఇక్కడికి వెళ్లండి

చెన్నైలో లాయర్ ఆఫీసుకి విజిటింగ్ కార్డులో, లెటర్‌హెడ్డో, గుమ్మం పక్కన పెట్టుకునే ఇత్తడి బోర్డో కావాలని ఎవరడిగినా నేను ఒక్క చోటే చెప్తాను. హైకోర్టు మెట్రో స్టేషన్లో దిగి, ఎన్‌.ఎస్‌.సి. బోస్ రోడ్డు దాటి తంబుచెట్టి వీధిలోకి తిరగాలి, కాళికాంబాళ్ గుడి ఉన్న వీధే. అక్కడ ఒక పాత మేడలో మెట్ల పక్క గదిలో ఉంటుంది ఈ ప్రెస్. పేరు మాత్రం రాయట్లేదు. రాస్తానని ప్రెస్ నడిపే పెద్దాయన్ని అడిగాను, వద్దమ్మా అన్నారు. ఉన్నవి రెండు మిషన్లు, పనివాళ్లు ముగ్గురు, ఇప్పుడొచ్చే వాళ్లకే టైముకి ఇవ్వడం కష్టంగా ఉంది, నువ్వు పేరు రాస్తే ఇంకో యాభై మంది వస్తారు, అప్పుడు నాన్న కాలం నుంచి వస్తున్న గుమాస్తాలకి నేనేం సమాధానం చెప్పాలి అని ఆయన బాధ. కాబట్టి మీరు ఆ వీధిలోకి వెళ్లి ఏ అడ్వకేట్ గుమాస్తానైనా తెలుగాయన ప్రెస్ ఎక్కడ అని అడగండి, చెయ్యి చూపిస్తారు.

నేను లాయర్ని కాదు. లా ఫర్మ్‌లో మార్కెటింగ్ చేస్తాను. ఈ మాట చెప్తే నెల్లూరులో మా చుట్టాలైనా, ఇక్కడ హాస్టల్లో పక్క రూమ్ అమ్మాయిలైనా ఒక్క క్షణం ఆగి, లాయర్లకి మార్కెటింగ్ ఏంటి అంటారు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఎంబీఏ అయ్యాక నాలుగేళ్లు ఓఎంఆర్‌లో, అంటే చెన్నై పాత మహాబలిపురం రోడ్డులో, ఫ్లాట్లు అమ్మే ఒక కంపెనీలో చేశాను, హోర్డింగులు, పేపర్లో ఫుల్ పేజీ యాడ్లు, శనివారం పొద్దున్నే లక్ష మందికి పోయే మెసేజ్‌లు, ఇవే నాకు తెలిసిన మార్కెటింగ్. జీతాలు రెండు నెలలు ఆగాక 2021లో మానేశాను. ఇంటికి వెళ్లిపోదామని పినాకిని రైలుకి టికెట్ కూడా చూసుకున్నాను, అప్పుడు హాస్టల్లో నాతో ఉండే అమ్మాయి వాళ్ల అక్క పనిచేసే లా ఫర్మ్‌లో మూడు నెలలకి ఎవరో కావాలంట, ఏవో ఫారాలు నింపాలంట, ఇంగ్లిష్ బాగా రాయగలిగితే చాలంట అంది. మూడు నెలలేగా, అద్దె గడుస్తుంది అని వెళ్లాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఆ ఫారాలేంటో కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ పని మీద నాకు ఇష్టం పుట్టింది అక్కడే. చాంబర్స్ అండ్ పార్ట్‌నర్స్ అని, లీగల్ 500 అని లండన్ సంస్థలున్నాయి, ఏ దేశంలో ఏ రకం కేసులకి ఏ ఫర్మ్ బాగుంటుందో ఏటా ర్యాంకులు ఇస్తాయి. ర్యాంకు కావాలంటే ఫర్మ్ ఆ ఏడాది చేసిన ముఖ్యమైన మాటర్లు, అంటే కేసులు, ఒప్పందాల్లాంటివి, రాసి పంపాలి, బయటికి చెప్పొచ్చు అన్నవి వేరు, రహస్యంగా ఉంచాల్సినవి వేరు. దాంతోపాటు క్లయింట్ల పేర్లు, నంబర్లు ఇవ్వాలి, వాళ్ల రీసెర్చర్లు ఆ క్లయింట్లని అడిగి తెలుసుకుంటారు. లాయర్లకి ఇది రాసే ఓపిక ఉండదు, రాసినా ఇంకో లాయర్‌కే అర్థమయ్యేలా రాస్తారు. మొదటి వారం ఒక పార్ట్‌నర్ సార్ గాలిమరల కంపెనీ ఆర్బిట్రేషన్ (కోర్టులో కాకుండా మధ్యవర్తి ముందు నడిచే కేసు) గురించి గంటన్నర చెప్పారు. నేను ప్రతి రెండు నిమిషాలకీ, అంటే ఏం జరిగింది సార్, డబ్బు ఎవరు ఎవరికి ఇవ్వాలి, ఎందుకు ఇవ్వనన్నారు, అని అడుగుతూనే ఉన్నాను. రాత్రి కూర్చుని దాన్ని ఆరు వాక్యాల్లో రాసి పెట్టాను. మర్నాడు ఆయన చదివి, ఆరేళ్లుగా ఈ కేసు నడుపుతున్నాను, ఇంత సూటిగా నేనెప్పుడూ క్లయింట్‌కి కూడా చెప్పలేదమ్మా అన్నారు. ఫ్లాట్లు అమ్మిన నాలుగేళ్లలో నేను రాసిన ఒక్క లైను కూడా ఎవరూ అలా చదవలేదు.

ప్రెస్ సంగతి మూడో వారంలో వచ్చింది. కొత్తగా ఒక సీనియర్ పార్ట్‌నర్‌గా చేరారు, ఆయనకి కార్డులు, గది బయట బోర్డు చేయించమన్నారు. నేను రాత్రంతా కూర్చుని డిజైన్ చేశాను. ముదురు నీలం, పేరుకి బంగారు ఫాయిల్, లోగో మీద స్పాట్ యూవీ అనే మెరిసే పూత, పేరు కింద రియల్ ఎస్టేట్ వివాదాల స్పెషలిస్ట్ అని, ఆ కింద ఆయన ఒకప్పుడు ఒక అడ్వకేట్ల సంఘానికి ప్రెసిడెంట్‌గా చేసిన సంగతి. ఆఫీస్ మేనేజర్ ఈ ప్రెస్‌కే వెళ్లమన్నారు. నుంగంబాక్కంలో మా ఆఫీస్ పక్కనే డిజిటల్ ప్రింటింగ్ షాపులు నాలుగున్నాయి, ఇంత దూరం ఎందుకా అనుకుంటూ వెళ్లాను. హైకోర్టు ఎర్ర గోడల పక్కనుంచి నడిచి వెళ్లడం అదే మొదటిసారి. 1892లో కట్టిన ఆ భవనం పెద్ద గుమ్మటం మీద 1977 దాకా ఓడలకి దారి చూపే లైట్‌హౌస్ ఉండేది. మా నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1929 నుంచి 1944 దాకా ఈ కోర్టులోనే అడ్వకేట్ జనరల్‌గా నిలబడ్డారు. స్కూల్లో రాజ్యాంగం పాఠంలో చదివిన పేరు, ఆ గోడ పక్కన నడుస్తుంటే గుర్తొచ్చి కాసేపు ఆగి చూశాను.

షాపు చిన్నది. లోపల ఒక మినీ ఆఫ్‌సెట్, దాని పక్కన కాలితో తొక్కి ఆడించే రకం నల్లటి పాత ట్రెడిల్ మిషన్, గోడ పొడుగునా చెక్క అరల్లో సీసం అక్షరాలు. సిరా, కిరోసిన్ వాసన. పెద్దాయన ముత్తాత వెంకటగిరి వైపు నుంచి వచ్చారట, ఆయన పుట్టింది మాత్రం ఇక్కడే, తెలుగులోనే మాట్లాడతారు, మధ్యలో అరవం వచ్చి పోతుంటుంది. కంప్యూటర్లు రాకముందు హైకోర్టు అప్పీళ్లకి పేపర్ బుక్కులు, అంటే కేసు కాగితాలన్నీ కలిపిన పుస్తకాలు, అచ్చు వేయడమే వీళ్ల నాన్నగారి ప్రధానమైన పని, రాత్రంతా మిషన్ ఆడుతూనే ఉండేదట.

నా డిజైన్ కాగితం తీసుకుని వెలుతురులోకి పట్టుకుని చదివారు. పెన్సిల్‌తో రెండు లైన్ల పక్కన గీతలు పెట్టారు. స్పెషలిస్ట్ అన్న లైను, సంఘం ప్రెసిడెంట్ అన్న లైను.

"ఇవి నేను వెయ్యనమ్మా. వేస్తే నష్టం నీకూ కాదు, నాకూ కాదు, ఆయనకి."

నాకు కోపం వచ్చింది. డబ్బులిచ్చి వేయమంటే వేయననడం ఏంటి, ఇంకో షాపు చూసుకుంటాను అనేదాకా వచ్చాను. ఆయన ఏమీ అనకుండా సొరుగులోంచి లామినేషన్ చేసిన ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. లాయర్లకి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ రూల్స్‌లో 36వ రూలు.

మార్కెటింగ్ మనిషిని, లా ఫర్మ్‌లో మూడు వారాలు పనిచేశాను, ఆ రూలు అప్పటిదాకా చదవలేదు. అడ్వకేట్స్ చట్టం 1961ది, దాని కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టిన రూలు ఇది. లాయర్ పని అడుక్కోకూడదు, ప్రకటన చేసుకోకూడదు, నేరుగానైనా చాటుగానైనా. సర్క్యులర్లతో కాదు, బ్రోకర్లతో కాదు, తను చేస్తున్న కేసుల గురించి పేపర్లో వ్యాఖ్యలు రాయించుకోవడం, ఫొటోలు వేయించుకోవడం కూడా కుదరదు. ఆ తర్వాత వచ్చే వాక్యాలు అచ్చంగా ఈ ప్రెస్ కోసమే రాసినట్టుంటాయి: బోర్డు గానీ నేమ్‌ప్లేట్ గానీ సబబైన సైజులో ఉండాలి, బోర్డు మీదా స్టేషనరీ మీదా ఆయన ఫలానా బార్ కౌన్సిల్‌కో సంఘానికో ప్రెసిడెంట్ అనో మెంబర్ అనో, ఒకప్పుడు అయ్యాడనో ఉండకూడదు, ఫలానా రకం పనిలో స్పెషలిస్ట్ అని ఉండకూడదు, ఒకప్పుడు జడ్జిగానో అడ్వకేట్ జనరల్‌గానో చేశాడని ఉండకూడదు. నేను రాత్రంతా కూర్చుని అందంగా పేర్చిన రెండు లైన్లూ అందులో ఉన్నాయి. తిరిగి ఆఫీస్‌కి వెళ్లి ఆ సీనియర్‌కి చూపిస్తే, మంచిపని చేశాడమ్మా ఆ పెద్దాయన అన్నారు, అంతకుమించి ఏమీ అనలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజంగా టెన్షన్ పడ్డాను. ప్రకటన చేయకూడదంటే ఇంక నా ఉద్యోగం దేనికి? లా ఫర్మ్ మార్కెటింగ్ అనే ఈ వృత్తి పుట్టిందే వేరే దేశంలో కదా అనిపించింది. అమెరికాలో కూడా ఒకప్పుడు లాయర్ల ప్రకటనలు నిషేధమే, ఫీనిక్స్‌లో ఇద్దరు కుర్ర లాయర్లు ఇద్దరికీ ఒప్పుదలైన విడాకులకి 175 డాలర్లు, కోర్టు ఫీజు వేరే, అని పేపర్లో రేట్లతో సహా యాడ్ ఇచ్చారు, అరిజోనా బార్, అంటే అక్కడి లాయర్ల సంస్థ, వాళ్ల మీద చర్య తీసుకుంది, అది సుప్రీం కోర్టు దాకా వెళ్లి 1977లో అయిదుగురికి నలుగురు తేడాతో ఆ లాయర్ల వైపు తీర్పు వచ్చింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకి, 1985లో, అక్కడ లా ఫర్మ్ మార్కెటింగ్ చేసేవాళ్లకి ఏకంగా ఒక సంఘమే ఏర్పడింది. ఇంగ్లండ్‌లో సొలిసిటర్లు అనే లాయర్లకి 1984లో తలుపు తెరిచారు. మన దగ్గర తెరుచుకున్నది చిన్న కిటికీ. 2008లో వెబ్‌సైట్ పెట్టుకోవచ్చన్నారు, అందులో పేరు, అడ్రస్, ఫోన్, ఈమెయిల్, ఎన్‌రోల్‌మెంట్ నంబర్, తేదీ, ఏ రాష్ట్రం బార్ కౌన్సిల్, ఏ బార్ అసోసియేషన్, చదువు, ప్రాక్టీస్ చేసే రంగాలు, ఇంతవరకే. మన లా ఫర్మ్‌ల వెబ్‌సైట్ తెరవగానే ఇది ప్రకటన కాదు, నా అంతట నేనే చూడటానికి వచ్చాను అని ఒప్పుకోమని ఒక పెట్టె అడ్డం వస్తుందే, అది ఈ రూలుకి భయపడి పెట్టిందే. ప్రాక్టీస్ రంగాలు వెబ్‌సైట్‌లో రాయొచ్చు, కార్డు మీద స్పెషలిస్ట్ అని వేయకూడదు. ఈ తేడా మా ఫీల్డ్‌లో కొత్తగా వచ్చేవాళ్లకి ఎవరూ చెప్పరు, నాకు చెప్పింది ప్రింటింగ్ ప్రెస్ ఆయన.

మరి నేను చేసేదేంటంటే, ఇప్పటికే ఉన్న క్లయింట్లకి కొత్త చట్టం వస్తే మూడు పేజీల్లో అర్థమయ్యేలా రాసి పంపడం, ఒక కంపెనీ తనంతట తాను మీ గురించి వివరాలివ్వండి అని అడిగితే ప్రపోజల్ తయారు చేయడం, జూనియర్ల ప్రొఫైల్స్ రాయడం, ర్యాంకుల ఫారాలు, సెమినార్లు. అరవడానికి అనుమతి లేదు కాబట్టి రాసే ప్రతి మాటా నిజంగా, సరిగ్గా ఉండాలి. నాకు ఈ పని ఇంత నచ్చుతుందని ఎవరైనా ముందు చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

సరే, ప్రెస్ పనితనం. ముందు బోర్డు గురించి. సబబైన సైజు అంటే ఎన్ని అంగుళాలో రూల్లో లేదు. నేను రెండడుగులు వేయమన్నాను. ఆయన చేతిలో టేపు పట్టుకుని, రామ్మా అని ఆ మేడ మెట్ల దగ్గరికే తీసుకెళ్లారు. మూడంతస్తుల నిండా లాయర్ల చాంబర్లే, మెట్ల పక్క గోడ మీద ఒకదాని కింద ఒకటి ఇత్తడి పలకలు, కొన్ని తళతళలాడుతున్నాయి, కొన్ని చింతపండు చూసి ఏళ్లయినట్టు నల్లబడ్డాయి. ఒక్కొక్కటీ జానెడున్నర పొడుగు, నాలుగు వేళ్ల వెడల్పు. కొన్నిటి మీద అక్షరాలు అరిగిపోయి వేలు పెట్టి తడిమితే గానీ తెలియదు. "మెట్లెక్కి వచ్చేవాడికి కనపడితే చాలమ్మా, రోడ్డు మీద పోయేవాడికి ఎందుకు?" అన్నారు. ఆ కొలతే చేయించాను. అక్షరాలు లోపలికి చెక్కి నల్ల రంగు నింపి ఇచ్చారు, నాలుగేళ్లయింది, చెన్నై ఉప్పుగాలికి ఇత్తడి రంగు మారింది గానీ ఒక్క అక్షరం కూడా రాలలేదు. మా ఆఫీస్‌లో ఇంకో అంతస్తులో వేరే చోట చేయించిన యాక్రిలిక్ బోర్డు రెండో ఏడాదికే అంచులు లేచిపోయింది.

కార్డులకి ఆయన అడిగే మొదటి వస్తువు బార్ కౌన్సిల్ ఐడీ జిరాక్స్. అడ్వకేట్ అని వేయాలంటే అది చూడాల్సిందే, చుట్టమైనా సరే, మినిస్టర్ పంపినా సరే. ఎన్‌రోల్‌మెంట్ నంబర్ దాంట్లోంచి ఆయనే స్వయంగా ఎక్కించుకుంటారు.

తర్వాత ప్రూఫ్. ఇక్కడే నేను ఈ షాపుకి కట్టుబడిపోయాను. ప్రూఫ్ కాగితం వచ్చాక ఆయన మన కంప్యూటర్ కాపీతో పోల్చి చూడరు. స్కేలు ఒకటి లైను కింద పెట్టి, ఇంటిపేరు అక్షరం అక్షరం పైకి చదువుతారు, మనం అవునో కాదో చెప్పాలి. ఫోన్ నంబర్ దగ్గరికి రాగానే తన సెల్‌ఫోన్ తీసి, ప్రూఫ్ మీదున్న అంకెలు చూసి నొక్కుతారు. ఎవరి కార్డో వాళ్ల ఫోన్ మోగాలి. మోగి, అవతల మనిషి హలో అని పేరు చెబితేనే మిషన్ ఎక్కుతుంది. మా సీనియర్ హియరింగ్‌లో ఉండి ఫోన్ ఎత్తకపోతే ఆ కార్డులు రెండు రోజులు అలాగే ఆగాయి, నేనెంత బతిమాలినా పెద్దాయన కదల్లేదు. ఈమెయిల్‌కి కూడా అంతే, ప్రూఫ్ చూసి టైప్ చేసి ఒక ఖాళీ మెయిల్ పంపమని మనకే చెప్తారు. నేను ఈ పద్ధతిని అలాగే ఆఫీస్‌కి తెచ్చుకున్నాను. ర్యాంకుల ఫారంలో పెట్టే ప్రతి క్లయింట్ నంబరూ పంపేముందు ఫారంలోంచి చూసి నేనే ఫోన్ చేస్తాను, మిమ్మల్ని ఫలానా వాళ్లు అడగొచ్చు, మీకు ఇష్టమేనా అని. మొదటి ఏడాదే నాలుగు నంబర్లు పాతవని తేలింది, అవి అలాగే వెళ్లుంటే ఆ క్లయింట్ల మాట ఎవరికీ చేరేది కాదు.

2024 జులై 3న మద్రాస్ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, ఆన్‌లైన్ పోర్టల్‌లలో లాయర్ల సేవల్ని అమ్మకానికి పెట్టినట్టు పెట్టడం మీద. లాయర్ వృత్తి వ్యాపారం కాదు, అలా ప్రకటించుకునే అడ్వకేట్ల మీద చర్యలు తీసుకునేలా రాష్ట్ర బార్ కౌన్సిళ్లకి చెప్పండి అని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాని ఆదేశించింది. ఆ వారం మా వెబ్‌సైట్ అంతా నేను లైను లైను చదివాను, నంబర్ వన్, అగ్రగామి, అత్యుత్తమ లాంటి అర్థం వచ్చే ప్రతి మాటా తీసేశాను, నేను చేరకముందు రాసినవి చాలా ఉన్నాయి. శనివారం ఏవో కవర్లు తెచ్చుకోవడానికి ప్రెస్‌కి వెళ్తే పెద్దాయన దగ్గర ఆ తీర్పు ప్రింటవుట్ ఉంది, ఎవరో గుమాస్తా ఇచ్చారట, ఇంగ్లిష్‌లో ఉంది, నాకు తెలుగులో చెప్తావామ్మా అన్నారు. స్టూల్ వేసుకుని కూర్చుని రెండు గంటలు చెప్పాను. మధ్యలో రెండుసార్లు కాఫీ తెప్పించారు. ఆయన ఆపి ఆపి అడిగారు, మరి పాంప్లెట్ వేయమంటే? మరి క్యాలెండర్ మీద లాయర్ పేరు వేయమంటే? మరి పెళ్లిపత్రికలో పెళ్లికొడుకు అడ్వకేట్ అని వేస్తే? చివరిదానికి ఇద్దరం కలిసి రూలు మళ్లీ చదువుకున్నాం, అది పని అడగడం కాదు కదా, ఫరవాలేదు అనుకున్నాం. 2025 మార్చిలో బార్ కౌన్సిల్ సోషల్ మీడియా ప్రచారాల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద హెచ్చరిక ఇచ్చినప్పుడు ఆయనే ఫోన్ చేశారు, చూసినావా అమ్మా అని.

అచ్చు నాణ్యత గురించి అడిగితే, ట్రెడిల్ మీద వేయించుకోండి అంటాను. 300 జీఎస్‌ఎమ్ (కాగితం బరువు, మందం చెప్పే లెక్క) పైన ఉన్న గరుకు కాగితం మీద అక్షరం కాస్త లోపలికి దిగుతుంది, బొటనవేలితో తడిమితే తెలుస్తుంది. నల్ల సిరా ఒక్కటే, ఫాయిల్ లేదు, మెరుపు లేదు. మా సీనియర్లు మొదట సాదాగా ఉందన్నారు, ఇప్పుడు వేరే కార్డు ఇస్తే తీసుకోవట్లేదు. లెటర్‌హెడ్ 100 జీఎస్‌ఎమ్ బాండ్ మీద ఆఫ్‌సెట్, బాగుంటుంది. రేటు బయట డిజిటల్ షాపుల కంటే కార్డుకి మూడు నాలుగు రూపాయలు ఎక్కువే పడుతుంది, దాచను. యూపీఐ ఉంది, బిల్లు ఇస్తారు.

లోపాలూ చెప్పాలి. అర్జెంట్ అన్న మాట ఇక్కడ చెల్లదు, కార్డులకి వారం, బోర్డుకి పదిహేను రోజులు. డిజైన్ చేసి పెట్టరు, ఫైలు మనమే తేవాలి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, మధ్యాహ్నం లోపల ఉక్కపోతకి నిలబడలేం. 2023లో మాకు రెండో విడత లెటర్‌హెడ్లు మొదటి విడత కంటే ఒక ఛాయ ముదురు నీలంలో వచ్చాయి. రెండూ పట్టుకెళ్లి చూపిస్తే ట్యూబ్‌లైట్ కింద ఆయనకి తేడా కనపడలేదు, వీధిలోకి వచ్చి ఎండలో పక్కపక్కన పెట్టి చూసి, నిజమేనమ్మా, సిరా డబ్బా మారింది, నాదే తప్పు అన్నారు. మొత్తం రెండు వేల కాగితాలూ డబ్బు తీసుకోకుండా మళ్లీ వేశారు. కానీ దానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది, ఈలోపు మా సెమినార్ అయిపోయింది, ఆ రోజు పాత అడ్రస్ ఉన్న కాగితాలే వాడాల్సి వచ్చింది, ఆ మాట నేను ఆఫీస్‌లో పడ్డాను. రంగు లోగో ఉన్నవాళ్లు ప్రతిసారీ పాత షీటు ఒకటి వెంట తీసుకెళ్లి, ఎండలోనే పోల్చి చూసుకోండి.

పోయిన దీపావళికి ముందు నా కార్డు వేయించుకున్నాను. నాలుగేళ్లూ నాకు కార్డు లేదు, మొదట కాంట్రాక్ట్ కాబట్టి అడగలేదు, పర్మనెంట్ అయ్యాక అడగడం మర్చిపోయాను, చివరికి మేనేజింగ్ పార్ట్‌నర్ మేడమే వేయించుకోమన్నారు. ప్రెస్‌లో ఏం పని అని వేయాలమ్మా అని అడిగారు. మేనేజర్, బిజినెస్ డెవలప్‌మెంట్ అన్నాను. తెలుగులో ఏమంటారు దీన్ని అన్నారు. ఇద్దరం కాసేపు ఆలోచించాం, వ్యాపార అభివృద్ధి అంటే అసలు ఆ రూలుకే ఎదురు వెళ్లినట్టుంది.

"ఊళ్లో అమ్మకి ఏం చెప్పినావు నీ పని?"

"లాయర్ల దగ్గర రాతపని అని చెప్పాను బాబాయ్."

"సరిగ్గానే చెప్పినావు."

ఇంగ్లిష్ పేరే వేశాం. ఆ రూలు అడ్వకేట్లకి, నేను అడ్వకేట్‌ని కాదు, అయినా ఫర్మ్ పేరు ఉంటుంది కాబట్టి ఇంక ఏ మాటా అక్కర్లేదు, పేరు, హోదా, ఫోన్, మెయిల్ చాలు అనుకున్నాం. ప్రూఫ్ తీసి, స్కేలు పెట్టి, మా ఇంటిపేరు అక్షరం అక్షరం చదివి, ఫోన్ తీశారు. ఎదురుగా స్టూల్ మీద కూర్చున్న నా బ్యాగులో ఫోన్ మోగింది. ఎత్తమ్మా అన్నారు, ఎత్తితే గానీ మిషన్ ఎక్కదు కదా. హలో అని నా పేరు చెప్పాను. ఆ వంద కార్డుల్లో మొదటిది నెల్లూరులో అమ్మ దగ్గర ఉంది, బీరువా అద్దం మూల దోపింది.

వెళ్లేవాళ్లకి: పొద్దున పదకొండున్నర తర్వాత వెళ్లండి, అంతకుముందు గుమాస్తాల రద్దీ, ఆయన తల ఎత్తరు. ఆదివారం సెలవు. హైకోర్టుకి వేసవి సెలవులిచ్చే మే నెలలో రెండు వారాలు ఊరెళ్తారు, జూన్‌లో కోర్టు తెరిచేటప్పుడు అందరూ ఒకేసారి వస్తారు కాబట్టి ఏప్రిల్‌లోనే ఇచ్చేయండి. ఐడీ జిరాక్స్, పాత కార్డు ఉంటే అది, ఎవరి కార్డో ఆ మనిషి ఫోన్ ఎత్తే టైము ఏదో కనుక్కుని వెళ్లండి. బోర్డు అయితే తలుపు పక్క గోడ ఫొటో తీసుకెళ్లండి, పక్కన మనిషిని నిలబెట్టి తీస్తే ఆయనకి కొలత తెలుస్తుంది.